యంత్రమునకు ఆజ్ఞలు చేరు దారి

లాలాగూడ పేరు వినగానే జంటనగరముల వారికి రైలుపెట్టెలు జ్ఞప్తికి వచ్చును. నిజాము ప్రభుత్వ హామీతో నడచిన రైల్వే కంపెనీ 1893లో అచ్చట నెలకొల్పిన కర్మాగారము నేటికిని పనిచేయుచున్నది. 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన పిమ్మట అది ఆ సంస్థలో భాగమైనది. వేలకొలది మైళ్ళు తిరిగి వచ్చిన పెట్టెలను విప్పి, పరీక్షించి, అరిగిన భాగములను సరిచేసి మరల పట్టాలమీదికి పంపుట అచ్చటి ముఖ్యమైన పని. అక్కడినుండి తార్నాక దాటినచో ఉస్మానియా విశ్వవిద్యాలయము వచ్చును. 1918లో స్థాపితమైన ఆ విద్యాలయమున 1929 నుండి ఇంజనీరింగు కళాశాల కలదు. ఒకచోట చేతులకు నూనె అంటును. మరియొకచోట సిరా అంటును. కాగితముమీద లెక్క కట్టు విద్యను, లోహమును కోయు విద్యను నేడు కలుపుచున్న వస్తువులలో ఒకటి మిక్కిలి చిన్నది. అది అగ్గిపెట్టెకంటె పలుచనైన మెమరీ కార్డు.

ఈ కార్డుమీద ఆజ్ఞలు యంత్రమునకు ఎట్లు చేరునో, ఆ ప్రయాణములో ఏమి జారిపోవచ్చునో, జారిపోకుండ ఎవరు కాపాడవలెనో ఈ వ్యాసమున వివరింపదలచినాము. కర్మాగారములో పనిచేయువారు మన ఇండ్లలో అనేకులు కలరు. పనిచేయనివారును ఆ యంత్రములు చేసిన వస్తువులతోడనే దినము గడుపుచున్నారు.

సి.ఎన్.సి. యంత్రమనగా కంప్యూటరు సాయముతో, అంకెల రూపమున ఇచ్చిన ఆజ్ఞలను అనుసరించి నడచు యంత్రము. మామూలు లేతుమీద పనివాడు పిడిచక్రమును చేతితో త్రిప్పుచు, చూపును టూలు మొనమీద నిలిపి, అనుభవముచేత లోహమును కోయును. సి.ఎన్.సి. యంత్రమున పిడిచక్రమును త్రిప్పు పని మోటార్లది. ఎంత దూరము జరుగవలెనో, ఎంత వేగమున జరుగవలెనో ముందుగనే వ్రాసి ఇచ్చుదురు. ఆ వ్రాతకు ప్రోగ్రామని పేరు. అందులో ఒక్కొక్క పంక్తి ఒక్కొక్క ఆజ్ఞ. ‘జి 01’ అని వ్రాసినచో తిన్నగా కోయుచు పొమ్మని అర్థము. ‘ఎక్స్ 100.’ అని వ్రాసినచో లేతుమీద వ్యాసము 100 మిల్లీమీటర్లు వచ్చువరకు జరుగుమని అర్థము. చదువ నేర్చినవానికి ఇది గుమాస్తా వ్రాసిన జాబితావలె సులభముగ తెలియును.

ఒక అంకె ఎంత ముఖ్యమో రైలుచక్రము చక్కగా చెప్పును. పెట్టె క్రింద రెండు చక్రములు ఒకే ఇరుసునకు బిగింపబడి యుండును. మోటారుకారులోవలె మలుపులో ఒకటి వేగముగను, ఒకటి నెమ్మదిగను తిరుగుటకు వానికి వీలులేదు. కావున రెండింటి వ్యాసము సమానముగ ఉండవలెను. ప్రయాణికుల పెట్టెకు వేయు క్రొత్త చక్రము వ్యాసము 915 మిల్లీమీటర్లు. అరిగిన చక్రములను లేతు పట్టిన పిమ్మట ఒకే ఇరుసుమీది రెండు చక్రముల వ్యాసములలో భేదము అర మిల్లీమీటరు మించరాదని మన రైల్వేల నియమము. మించినచో ఆ జంట ఎల్లప్పుడు ఒక ప్రక్కకే ఒత్తుకొని, చక్రపు అంచు పట్టాను ఒరయుచు పోవును. అర మిల్లీమీటరనగా అయిదారు కాగితముల మందము. ప్రయాణికుల క్షేమము అంత సన్నని కొలతమీద ఆధారపడి యున్నది.

అట్టి కొలతను యంత్రమునకు ఎట్లు అందజేయుదురు? ఈ ప్రశ్నకు వచ్చిన సమాధానములలో మొదటిది మన చేనేతవారికి క్రొత్తది కాదు. ధర్మవరము, గద్వాల వంటి చోట్ల జకార్డు మగ్గముమీద అంచులును, పైట కొంగులును నేయువారు రంధ్రములు పొడిచిన అట్టలను వరుసగా కుట్టి మగ్గముపైన వ్రేలాడదీయుదురు. రంధ్రమున్నచోట దారము లేచును, లేనిచోట లేవదు. ఫ్రాన్సు దేశమున జకార్డు ఈ ఉపాయమును 1804 ప్రాంతమున ప్రచారములోనికి తెచ్చెను. ఒకటిన్నర శతాబ్దము గడచిన పిమ్మట, 1952లో, అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థవారు రంధ్రములు పొడిచిన పట్టీచేత లోహము కోయు యంత్రమును నడిపి చూపించిరి. అంకెలతో యంత్రమును నడుపవచ్చునన్న ఆలోచనను ముందుకు తెచ్చినవారిలో జాన్ పార్సన్స్ ముఖ్యుడు. విమానముల రెక్కలవంటి వంపు తిరిగిన భాగములను చేతితో కోయుట దుస్సాధ్యమగుటచే ఈ అవసరము కలిగినది.

పిమ్మట స్థిరపడిన పద్ధతి ప్రకారము ఆ కాగితపు పట్టీ వెడల్పు ఒక అంగుళము. అడ్డముగా ఎనిమిది రంధ్రములకు చోటు. ఒక వరుస రంధ్రములు ఒక అక్షరము. అంగుళమునకు పది అక్షరములు పట్టును. అనగా వేయి అక్షరముల ప్రోగ్రామునకు వంద అంగుళముల పట్టీ, సుమారు రెండున్నర మీటర్లు, కావలెను. నేడు కాగితము పోయినను ఆ కొలత పోలేదు. నేటికిని కొన్ని కంట్రోలర్ల వివరపత్రములలో జ్ఞాపకశక్తిని ‘ఇన్ని మీటర్ల టేపు’ అనియే చెప్పుదురు. 640 మీటర్లు అన్నచో రమారమి 256 కిలోబైట్లని గ్రహింపవలెను. ప్రోగ్రామును యంత్రమునుండి వెలుపలికి పంపు మీట పేరు అనేక యంత్రముల తెరమీద ఇప్పటికిని ‘పంచ్’ అనియే యుండును. పొడువవలసిన కాగితము మాత్రము లేదు.

ఆ కాగితమునకు ఒక మంచి గుణముండెను. దారిలో తప్పు జరిగినచో తానే చెప్పునట్టి ఏర్పాటు దానియందు కలదు. అంతర్జాతీయ సంకేతమున ప్రతి వరుసలోను రంధ్రముల సంఖ్య సరిసంఖ్యగనే ఉండవలెను. అక్షరమునకు సహజముగ మూడు రంధ్రములే వచ్చినచో నాలుగవది అదనముగ పొడుతురు. ఒక రంధ్రము దుమ్ముచేత పూడిపోయినను, కాగితము చినిగి ఒకటి ఎక్కువైనను, సంఖ్య బేసియగును. యంత్రము వెంటనే ఆగి కేక వేయును. అయితే ఒకే వరుసలో రెండు రంధ్రములు ఒకేసారి చెడినచో లెక్క మరల సరిపోవును, తప్పు దాగిపోవును. ఏ కాపలాకైనను కన్నుగప్పు సందు ఒకటి ఉండునని ఇందువలన తెలియుచున్నది.

కాగితము తరువాత తీగ వచ్చినది. 1960లో అమెరికాలో ఏర్పడిన ఆర్.ఎస్.-232 అను నియమము ప్రకారము కంప్యూటరునుండి యంత్రమునకు తీగమీద ఒక్కొక్క సంకేతమే వరుసగా పోవును. సెకనుకు 4800 సంకేతములు వాడుకలోని వేగము. ఒక్కొక్క అక్షరమునకు, తోడు సంకేతములతో కలిపి, పదకొండు పట్టునని లెక్కించినచో సెకనుకు ఇంచుమించు 440 అక్షరములు చేరును. చిన్న ప్రోగ్రామునకు ఇది చాలును. కాని అచ్చుల తయారీలో వంపులన్నియు చిన్న చిన్న గీతలుగ విడగొట్టి వ్రాయుటచే ప్రోగ్రాము పది లక్షల అక్షరములకు పెరుగవచ్చును. అది తీగమీద చేరుటకు 38 నిమిషములు పట్టును. యంత్రము జ్ఞాపకములో అంత చోటు లేనిచో, కోయుచుండగనే కొంచెము కొంచెముగ అందించుచుండవలెను. నడుమ తీగ కదలినచో యంత్రము ఆగును. టూలు ఆగినచోట లోహముమీద మచ్చపడును. తీగ పొడవు పదిహేను మీటర్లు మించకుండుట మేలని చెప్పుదురు. ప్రక్కన వెల్డింగు జరుగుచున్నను, పెద్ద మోటారు బయలుదేరినను తీగలోనికి గందరగోళపు సంకేతములు చొరబడవచ్చును. ఉరుములు మెరుపుల వేళ రేడియోలో గరగర వినిన మన శ్రోతలకు ఈ బాధ సుపరిచితమే.

మెమరీ కార్డు ఈ చిక్కులను చాలవరకు తొలగించినది. జపాను దేశపు ఫానుక్ సంస్థవారి కంట్రోలర్లు మన కర్మాగారములలో విరివిగా వాడుకలోనున్నవి గనుక వానినే ఉదాహరణముగ తీసికొందము. తెర ప్రక్కన చిన్న మూత యుండును. మూత తీసినచో సన్నని సందు కనిపించును. కాంపాక్టు ఫ్లాషు అను చిన్న కార్డును ఒక తొడుగులో ఉంచి ఆ సందులో చొప్పింపవలెను. లోపల సూదులవంటి పిన్నులు 68 కలవు. కార్డును తలక్రిందుగనో, ఏటవాలుగనో బలవంతముగ నెట్టినచో అవి వంగిపోవును. వంగినవానిని సరిచేయుట గడియారపు మరమ్మతుకంటె కష్టము.

కార్డు ఎక్కువ పెద్దదైనచో ఎక్కువ మంచిదని అనుకొనరాదు. పాత కంట్రోలర్లు పెద్ద కార్డులను గుర్తింపజాలవు. రెండు గిగాబైట్లకు లోబడినది, ఫ్యాట్ అను పాత పద్ధతిలో సిద్ధపరచినది క్షేమము. ఫైలుకు పెట్టు పేరును పొట్టిదిగ ఉండవలెను. ఎనిమిది అక్షరములు, చుక్క, మరి మూడు అక్షరములు పాత యంత్రముల పరిమితి. ఫైలు లోపల మొదటి పంక్తిలో శాతపు గుర్తు, రెండవ పంక్తిలో ‘ఓ’ అను అక్షరము, దాని వెంట నాలుగంకెల ప్రోగ్రాము సంఖ్య, పిమ్మట ఆజ్ఞలు, చిట్టచివర మరల శాతపు గుర్తు ఉండవలెను. ఈ శాతపు గుర్తు కాగితపు కాలపు ఆనవాలు. పట్టీని యంత్రమునకు ఎక్కించుటకై మొదట కొంత ఖాళీ భాగము విడిచెడివారు. అసలు వ్రాత ఎచ్చట మొదలగునో, ఎచ్చట ముగియునో ఈ గుర్తు చెప్పుచుండెను. నేటికిని మొదటి గుర్తుకు ముందున్న దానిని యంత్రము చదువక విడిచివేయును. చివరి గుర్తు కానరానిచో ఫైలు పూర్తిగా చేరలేదని అనుమానింపవలెను.

ఇక ఎక్కించు విధానము. మొదట యంత్రమును చేతి ఆజ్ఞల స్థితిలో ఉంచి, సెట్టింగుల పుటలో చానలు సంఖ్యను 4 చేయవలెను. పాత తీగకు 0 లేక 1, కార్డుకు 4. ఇది రేడియోలో స్టేషను త్రిప్పుటవంటిదే. త్రిప్పనిచో కార్డు లోపలనే యున్నను యంత్రము తీగవైపే చెవియొగ్గి యుండును. పిమ్మట ఎడిట్ స్థితికి వచ్చి, ప్రోగ్రాములను కాపాడు తాళమును తెరచి, కార్డులోని ఫైళ్ళ జాబితాను తెరమీదికి రప్పింపవలెను. కావలసిన ఫైలు వరుససంఖ్యను చెప్పి, యంత్రములో దానికి ఉండవలసిన ‘ఓ’ సంఖ్యను చెప్పి, చదువుమని ఆజ్ఞ ఇచ్చినచో కొలది క్షణములలో పని పూర్తియగును. తాళము మరల వేయుట మరువరాదు.

పని ఇంత సులభమైనచో చిక్కు ఎక్కడ? కార్డు అక్షరములను మోయునే గాని వాని అర్థమును మోయదు. ఇందుకు మూడు ఉదాహరణములు చాలును.

మొదటిది చుక్క. ఇందాక ‘ఎక్స్ 100.’ అని చివర చుక్కతో వ్రాసితిమి. అనేక కంట్రోలర్లలో ఆ చుక్క లేనిచో 100ను మిల్లీమీటర్లుగ గాక, మిల్లీమీటరులో వేయవ వంతులుగ లెక్కించుదురు. అనగా నూరు మిల్లీమీటర్లకు బదులు ఒక మిల్లీమీటరులో పదవ వంతు. వ్యాసము నూరువద్ద ఆగవలసిన టూలు లోహపు నడిబొడ్డుకు దూసికొని పోవును. కార్డు ఈ తప్పును ఎంత నమ్మకముగ మోసికొని వచ్చును! వ్రాసినవాడు విడిచిన చుక్కను అది విడిచియే అందించును. రంధ్రముల లెక్క, సంకేతముల లెక్క అన్నియు సరిగనే యుండును.

రెండవది సంఖ్య. యంత్రములో అదే ‘ఓ’ సంఖ్యతో వేరొక ప్రోగ్రాము ముందే యున్నచో ఏమగును? యంత్రము అమర్చిన తీరునుబట్టి రెండు విధములు. ఒక విధమున అది అభ్యంతరము తెలిపి ఆగును. రెండవ విధమున మారు మాటాడక పాతదానిని తుడిచి క్రొత్తదానిని నిలుపును. తమ యంత్రము ఏ తీరున అమర్చియున్నదో తెలియనివాడు కార్డు చొప్పింపరాదు.

మూడవది అన్నిటికంటె విచారింపదగినది. ఆఫీసులో కూర్చున్నవాడు లెక్క కట్టి ప్రోగ్రాము వ్రాసి పంపును. యంత్రమువద్ద నిలిచినవాడు మొదటి వస్తువును కోసి చూచి, ఇచ్చట లోహము అదరుచున్నదని వేగము తగ్గించును. అచ్చట గీత పడుచున్నదని దారి మార్చును. ఈ దిద్దుబాట్లు పది పదిహేను సంవత్సరముల అనుభవపు ఫలము. కాని అవి యంత్రపు జ్ఞాపకములోనే నిలిచిపోవును. ఆరు మాసములకు అదే వస్తువు మరల కావలసివచ్చినపుడు ఆఫీసునుండి కార్డుమీద పాత ఫైలే వచ్చును. దానిని ఎక్కించినంతనే పనివాని దిద్దుబాటు తుడిచిపెట్టుకొని పోవును. అతడు ఉద్యోగము విరమించి యుండవచ్చును. అడుగుటకు మనిషియును దొరకడు. కావున కార్డు ఒకవైపే నడచు బండి కారాదు. పని ముగిసిన వెంటనే దిద్దిన ప్రోగ్రామును వెలుపలికి తీసి, వస్తువు సంఖ్య, దిద్దిన తేదీ వ్రాసి, ఆఫీసునకు తిరిగి పంపవలెను. పంచ్ అను ఆ పాత మీట ఇందుకే యున్నది.

ఇంతకంటె పెద్ద నష్టము మరొకటి కలదు. ఇట్టి కంట్రోలర్లలో ప్రోగ్రాములు, టూళ్ళ కొలతలు, యంత్రము గుణములను తెలుపు పారామీటర్లు బ్యాటరీ ఆధారముతో నిలుచు జ్ఞాపకములో ఉండును. ఆ బ్యాటరీని సంవత్సరమునకు ఒకసారి, యంత్రమునకు విద్యుత్తు అందుచుండగనే, మార్చవలెనని తయారీదారులు చెప్పుదురు. విద్యుత్తు ఆపి మార్చినను, మార్చుట మరచి బ్యాటరీ చచ్చినను, జ్ఞాపకము తుడుచుకొని పోవచ్చును. అప్పుడు ఇనుము చెక్కు చెదరకుండును, మోటార్లు బాగుండును, నూనె నిండుగ నుండును. యంత్రము మాత్రము కదలదు. తన పొడవెంతో, తన స్క్రూలో ఎక్కడ ఎంత లోపమున్నదో అది మరచిపోయినది. స్క్రూ లోపముల పట్టిక ఆ ఒక్క యంత్రమును కొలిచి వ్రాసినది. ప్రక్క యంత్రమునుండి అరువు తెచ్చుకొనుటకు వీలులేదు. ఇట్లు నిలిచిపోయిన యంత్రము చిన్న కర్మాగారములో నాలుగైదు కుటుంబముల పనిని ఆపివేయును.

ఈ ఆపదకును మందు ఆ చిన్న కార్డే. విద్యుత్తు ఇచ్చునపుడు తెర క్రిందనున్న మీటలలో కుడివైపు చివరి రెండింటిని అదిమి పట్టినచో ప్రత్యేకమైన పుట తెరచుకొనును. అందుండి ఆ జ్ఞాపకమునంతయు ఒక్కమారుగ కార్డుమీదికి ఎత్తుకొనవచ్చును. ఇది ఆరితేరినవాని పర్యవేక్షణలో చేయవలసిన పని; ఏలయన అదే పుటలో తుడిచివేయు ఆజ్ఞయు, తిరిగి నింపు ఆజ్ఞయు ప్రక్కప్రక్కనే యుండును. ఎత్తిన ప్రతిని రెండుచోట్ల దాచవలెను. యంత్రము తలుపులోపల వ్రేలాడదీసిన ప్రతి ఒక్కటే యున్నచో నిప్పునకు, నీటికి రెండును కలిసియే పోవును.

కార్డును ఇంటి కంప్యూటర్లకు, దుకాణముల కంప్యూటర్లకు తగిలించి త్రిప్పుటయు మంచిది కాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను చెడు ప్రోగ్రాము చేతిలో పట్టు చిన్న జ్ఞాపక సాధనములద్వారా కూడ వ్యాపించి, కర్మాగారములను నడుపు కంట్రోలర్లనే గురిపెట్టినదని ప్రపంచమునకు తెలిసినది. యంత్రపు కార్డు యంత్రమునకే యుండవలెను.

ప్రోగ్రాము ఎక్కిన పిమ్మట జాగ్రత్తగల పనివాడు వెంటనే లోహమును తాకనీయడు. మొదటి పంక్తిని, చివరి పంక్తిని ఆఫీసు ప్రతితో పోల్చి చూచును. తెరమీద గీతల రూపమున టూలు దారిని నడిపించి చూచును. వస్తువు లేకుండ గాలిలో నడిపించును. పిమ్మట ఒక్కొక్క పంక్తికి ఆగునట్లు అమర్చి, వేగమును బాగుగ తగ్గించి, ఆపు మీటమీద చేయి ఉంచి మొదటి వస్తువును కోయును. దానిని కొలిచి సరియని తేలిన తరువాతనే రెండవదానికి పోవును. మా ఆకాశవాణి స్టూడియోలలోను ఇట్టి ఆచారమే కలదు. స్పూలు టేపు నాడైనను, ఫైళ్ళ నేడైనను, ప్రసారమునకు ముందు కార్యక్రమపు మొదలును తుదియును చెవితో విని గాని పంపము. సందు దొరికిన చోటెల్ల తప్పు దూరునని పెద్దలు ఊరక అనలేదు.

హైదరాబాదుకు యంత్రములు చేయు విద్య క్రొత్త కాదు. సికింద్రాబాదు కవాడీగూడలో 1943లో ప్రాగా టూల్స్ వెలసినది. 1968లో బాలానగరమున కేంద్ర టూలు డిజైను సంస్థ ఐక్యరాజ్యసమితి సహాయముతో ఏర్పడి నేటికిని యువకులకు శిక్షణ ఇచ్చుచున్నది. ఐ.టి.ఐ.లలో చేరు పిల్లలకు కార్డు ఎక్కించు మీటల వరుసను నేర్పుట ఒక పూట పని. ఆ పిమ్మట ఏమి పోల్చి చూడవలెనో, దిద్దుబాటును ఎట్లు తిరిగి పంపవలెనో, బ్యాటరీని ఎప్పుడు మార్చవలెనో నేర్పుటకు కాలము పట్టును. అసలు చదువు అదియే.

మన ఇండ్లలో ఇట్టి యంత్రమువద్ద పనిచేయు కొడుకో, అల్లుడో, తమ్ముడో ఉన్నచో ఈ సాయంకాలము ఒక ప్రశ్న అడుగుడు: మీ యంత్రపు జ్ఞాపకమునకు ప్రతి ఎచ్చట నున్నది, ఎన్నడు తీసితిరి? సమాధానము వెంటనే వచ్చినచో సంతోషము. రాకున్నచో, రేపటి ఉదయము డ్యూటీ మొదలుపెట్టుటకు ముందు చేయవలసిన పని ఏదో అతనికి తెలిసినట్లే.